పైట కోసం వెతికే చెయ్యి

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మిగతా చదివేవాళ్ల కోసం క్లుప్తంగా చెప్తాను. మీ అమ్మగారికి 76 ఏళ్లు, కోవూరు దగ్గర పల్లెలో ఉంటున్నారు. ప్రైమరీ స్కూల్లో టీచరుగా చేసి రిటైరయ్యారు. అల్జీమర్స్ అని తేలి నాలుగేళ్లయింది. ఇప్పుడు మిమ్మల్ని చూసి "అన్నా" అంటున్నారు. నెలకోసారి మీరు బెంగళూరు నుంచి వచ్చిపోతున్నా, మీరు గేటు దాటిన పది నిమిషాలకే వచ్చిన సంగతి ఆమెకు గుర్తుండడం లేదు. మీ పెదనాన్న "మీ అమ్మ ఎప్పుడో పోయింది రా, ఇప్పుడుండేది ఒళ్లే" అన్నారు. ఆమె ఇంకా మా అమ్మేనా, నేను వస్తున్నది ఎవరి కోసం అని మీరు అడిగారు.

ఆమె మీ అమ్మే. మీరు వస్తున్నది ఆమె కోసమే. ఓదార్పుకి చెప్పే మాట కాదిది. ఎందుకంటున్నానో చెప్తాను, కాస్త పొడుగవుతుంది.

నేను డాక్టర్ని కాను. 31 ఏళ్లు ప్రభుత్వాసుపత్రిలో స్టాఫ్ నర్సుగా చేశాను. అందులో చివరి ఆరేళ్లు ఇంట్లో మా అత్తకు ఇదే జబ్బు. రిటైరయ్యాక నెల్లూరు టౌన్లోనూ చుట్టుపక్కల ఊళ్లలోనూ ఇళ్లకు వెళ్లి, ఇలాంటి పెద్దవాళ్లను చూసుకునేవాళ్లకు పని నేర్పుతున్నాను.

మా అత్తకు నైటీ తొడిగింది నేనే. చీరలు తడుపుకునేది. రోజుకు నాలుగు చీరలు ఉతకాలి, పొద్దున్నే డ్యూటీకి పోవాలి, ఇంకేం చేస్తాం. నైటీ వేసిన వారం నుంచి ఆమె కుడి చెయ్యి ఊరుకోవడం మానేసింది. ఎడమ భుజం తడుముకోవడం, దుప్పటి మీదికి లాక్కోవడం, కిటికీ పక్కన కూచోబెడితే కర్టెన్ కొస పట్టుకుని గుంజుకోవడం. చలేమోనని ఫ్యాన్ ఆపాం. దురదేమోనని లోషన్ పూశాను. ఈ జబ్బులో చేతులు ఊరికే అట్లా ఆడుతుంటాయని మా ఆయనకు పాఠం కూడా చెప్పాను. ఒకరోజు వాకిట్లోకి చేపలమ్మే ఆమె వచ్చింది. కొత్త మనిషిని చూడగానే అత్త చెయ్యి ఇంకా గబగబా ఆడింది. ఆమె గంప దించుతూ, "ఏందమ్మా, పెద్దామె పైట కోసం ఎతుక్కుంటా ఉంటే చూస్తా కూచున్నారా?" అంది.

లోపలికి పోయి పాత నేత తువ్వాలు ఒకటి తెచ్చాను. ఒక కొసను నడుము దగ్గర నైటీకి రెండు కుట్లు వేసి, రెండో కొస భుజం మీదుగా వదిలాను. అత్త దాన్ని సవరించుకుని చెయ్యి ఒళ్లో పెట్టుకుంది. గంప వైపు చూసి "ఏం చేపలు?" అంది. తువ్వాలుతో జబ్బేమీ తగ్గలేదు, మర్నాడు కూడా నన్ను ఎవరని అడిగింది. కానీ ఆ చెయ్యి మళ్లీ అట్లా ఆడలేదు. అన్నేళ్ల సర్వీసున్న నేను జబ్బు లక్షణమనుకున్నదాన్ని, చేపలామె ఒక ఆడమనిషి సిగ్గు అని ఒక్క చూపులో కనిపెట్టింది.

దీని వెనక సంగతి ఇదీ. అల్జీమర్స్ మొదట్లోనే దెబ్బతీసేది మెదడులో హిప్పోక్యాంపస్ అనే చిన్న భాగాన్ని. కొత్త సంగతులను జ్ఞాపకంగా నిలిపే పని దానిది. అందుకే పొద్దున తిన్న దోసె, నిన్న వచ్చిన కొడుకు ముందు చెరిగిపోతారు. చిన్ననాటివి చాలాకాలం ఉంటాయి. చేతికి అలవాటైపోయిన పనులు, అంటే పైట సర్దుకోవడం, ముగ్గు వెయ్యడం, సంతకం పెట్టడం లాంటివి మెదడులో వేరే చోట్ల మీద ఆధారపడతాయి కాబట్టి ఇంకా ఆలస్యంగా పోతాయి. మనమేమో ఎదురుగా నిలబడి "నేనెవరో చెప్పు చూద్దాం" అంటాం. ముందు పోయేదాని మీదే పరీక్ష పెట్టి, ఫెయిలయితే మనిషే లేదని తీర్పిచ్చేస్తాం. మీరు కూడా వచ్చిన ప్రతిసారీ ఆ పరీక్ష పెడుతున్నారని మీ ఉత్తరంలోనే ఉంది. దయచేసి ఆపేయండి.

1901లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో డాక్టర్ అలోయిస్ అల్జీమర్ దగ్గరికి ఔగుస్టె అనే 51 ఏళ్ల ఆమెను తెచ్చారు. పేరేమిటంటే తన పేరు చెప్పింది, భర్త పేరేమిటన్నా తన పేరే చెప్పింది. నన్ను నేను పోగొట్టుకున్నాను అని కూడా అనేదట. ఆమె కేసు మీదనే 1906లో ఆయన మాట్లాడాడు, జబ్బుకు ఆయన పేరొచ్చింది. ఆ మాట తలుచుకున్నప్పుడల్లా నాకు ఒకటే అనిపిస్తుంది. పోగొట్టుకున్నానని బాధపడడానికైనా లోపల ఒక మనిషి ఉండాలి గదా.

తర్వాత చాలా ఏళ్లకు ఇంగ్లండులో టామ్ కిట్‌వుడ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, 1997లో వచ్చిన పుస్తకంలో, ఈ సేవ చేసేవాళ్ల ఆలోచన తీరే మార్చేశాడు. మనిషితనం ఒకరి తలలో ఉండే జ్ఞాపకాల మూట కాదు, చుట్టూ ఉన్నవాళ్లు ఇచ్చే గుర్తింపు, గౌరవం, నమ్మకాల్లో ఉంటుంది అన్నాడు. చెడ్డవాళ్లు కాకపోయినా, ప్రేమగా చూసుకునేవాళ్లే రోజూ చేసే చిన్న చిన్న పనులతో దాన్ని కోసేస్తారని కూడా చెప్పాడు. పసిపిల్లతో మాట్లాడినట్టు మాట్లాడడం, అందుకోలేనంత తొందరగా తినిపించడం, ఎదురుగా ఉండగానే ఆమె లేనట్టు ఆమె గురించి చెప్పుకోవడం. ఇవన్నీ మన ఇళ్లలో రోజూ జరిగేవే. ఆయన చెప్పిన దాంట్లో చాలామటుకు నిజం. ఒక్కచోట మాత్రం నాకు పేచీ. పక్కవాళ్లు ఇచ్చేదయితే పక్కవాళ్లు తీసేసుకోవచ్చు కూడా గదా? మా అత్త పైట నేను తీసేశాను. ఆమె మాత్రం దాన్ని వెతుక్కుంటూనే ఉంది. నేను ఇచ్చేదాకా లేనిదేమీ కాదు అది.

కాబట్టి అర్థంలేని పని అని మీకు ఏదైనా అనిపిస్తే, ముందు ఆమె బతుకు ఎట్లా గడిచిందో అడగండి. బుచ్చిరెడ్డిపాళెం వైపు ఒక రైతు ఉండేవాడు. రాత్రి రెండింటికి లేచి తలుపులు బాదేవాడు. బయటపడితే కాలవల్లో పడతాడని భయపడి మంచానికి కట్టేశారు, మణికట్టు దగ్గర చర్మం లేచిపోయింది. నేను పోయి కూచుని, నాయనా యాడికి అనడిగితే, "నీళ్ల వంతు మే, మడవ తిప్పాల, ఆలస్యమైతే ఎగువోడు కట్టేసుకుంటాడు" అన్నాడు. కనిగిరి రిజర్వాయరు కాలవ కింద వరి పండించిన మనిషి, యాభై ఏళ్లు అర్ధరాత్రి వంతుకు లేచాడు. ఒళ్లు ఇంకా లేస్తోంది. కొడుక్కి చెప్పాను. ఆ రాత్రి నుంచి టార్చి తీసుకుని తండ్రి చెయ్యి పట్టుకుని పెరట్లో అరటిచెట్ల దాకా నడిపించాడు. ముసలాయన పాదులో నీళ్లు చూసుకుని, "చాల్లే, కట్టెయ్" అని వచ్చి పడుకునేవాడు. పావుగంట పని. అన్ని రాత్రులూ పనిచేసిందని చెప్పను, కొన్ని రాత్రులు మళ్లీ లేచేవాడు. కట్లు మాత్రం విప్పేశారు.

మీ అమ్మగారు "ఇంటికి పోతా" అంటున్నారని, "మా నాయన ఏడి" అని అడుగుతున్నారని రాశారు. సొంత ఇంట్లో కూచుని ఇంటికి పోతానంటే ఏం చెప్పాలన్నారు. ఆ ఇల్లు అడ్రసు కాదు, భయం లేని చోటు. "ఇదే గదమ్మా నీ ఇల్లు" అని వాదిస్తే, ఇంట్లో ఉన్నవాళ్లు తన మాట నమ్మడం లేదని మాత్రమే ఆమెకు తెలుస్తుంది. "మీ నాయన పోయి నలభై ఏళ్లయింది" అన్నారనుకోండి, ఆమెకు ఆ కబురు అప్పుడే వస్తుంది, అప్పుడే ఏడుస్తుంది, అరగంటకు మళ్లీ అడుగుతుంది, మీరు మళ్లీ చంపుతారు. అట్లాగని "సాయంత్రం వస్తాడు" అని అబద్ధం చెప్పడం కూడా నాకు నచ్చదు. సాయంత్రం దాకా గుమ్మం వైపు చూస్తూ కూచున్నవాళ్లను చూశాను. "మీ నాయన నీకేం తెచ్చేవాడమ్మా?" అని అడగండి. ఆయన గురించి మాట్లాడాలని ఉంది ఆమెకు, అంతే. మిమ్మల్ని "అన్నా" అన్నప్పుడు కూడా దిద్దకండి. తన మనిషి, తనను కాచేవాడు అని గుర్తుపట్టింది. పేరు దగ్గరే తడబాటు.

ఇప్పుడు అసలు కష్టమైన చోటికి వస్తాను. పాత మనిషి కోరికలు, ఇప్పటి మనిషి కోరికలు ఒకదానికొకటి అడ్డం వస్తే ఎవరి మాట వినాలి?

మూలాపేటలో ఒకావిడ, ఎనభై దాటింది. జీవితమంతా మడి, ఆచారం, ఉల్లిపాయ కూడా ముట్టని మనిషి. ఒకరోజు కేర్‌టేకర్ అమ్మాయి డబ్బాలో తెచ్చుకున్న వేపుడు చేప ముక్క చెయ్యి చాపి తీసుకుని తినేసింది. ఇష్టంగా తింది. మర్నాడు కూడా ఆ డబ్బా వైపే చూసింది. కూతురు "సంతోషంగా ఉంది, తిననివ్వండి, ఇంకెన్నాళ్లు" అంది. కొడుకు "బాగుండగా అమ్మ దీనికి ఒప్పుకునేదా?" అన్నాడు. అన్నాచెల్లెళ్లకు మాటలు ఆగిపోయేదాకా వచ్చింది. అమెరికాలో పెద్ద పెద్దవాళ్లు కూడా ఇదే వాదించుకున్నారు. రోనాల్డ్ డ్వార్కిన్ అనే న్యాయ తత్వవేత్త మునుపటి మనిషి నిర్ణయానికే విలువివ్వాలన్నాడు, రెబెక్కా డ్రెస్సర్ అనే ఆమె ఇప్పుడు ఎదురుగా ఉన్న మనిషి మేలు చూడాలంది.

నేను కొడుకు వైపు నిలబడ్డాను. అమ్మాయిని వేరే గదిలో తినమన్నాం. ఆవిడను ఎవరూ ఏమీ అనలేదు, పెదవులు తుడిచి ఒక అరిసె ముక్క చేతిలో పెట్టాం.

కావలి దగ్గర ఇంకో ఇంట్లో మాత్రం దీనికి ఎదురు చెప్పాను. భర్త పోయి ఇరవై ఏళ్లయిన ఆమె, ఆయన పొలం నుంచి వస్తాడని చెప్పి కుంకుమ, మల్లెపూలు అడగడం మొదలుపెట్టింది. ఊళ్లో ఏమనుకుంటారోనని కోడళ్లకు టెన్షన్. పెట్టెయ్యండమ్మా అన్నాను. పెద్ద కోడలు పెట్టింది. రెండు ఇళ్లలో రెండు మాటలు ఏమిటని మీరడగొచ్చు. ఆ ఆచారం మూలాపేట ఆవిడ తనంతట తాను ఎనభై ఏళ్లు కాపాడుకున్నది. ఈ బొట్టు ఈమె వద్దనుకున్నది కాదు, పదో రోజున లోకం తుడిచేసింది. నా లెక్క అది. తప్పనేవాళ్లు ఉంటారు, మూలాపేట ఆవిడ కూతురు ఇప్పటికీ తప్పనే అంటుంది.

మీ అమ్మగారు మారిపోయారు అనుకునే ముందు కొన్ని మామూలు సంగతులు చూసుకోండి. కళ్లజోడు ఉందా, అద్దం తుడిచిందేనా? శుక్లాలకు ఆపరేషన్ అయిందా? చెవిలో గులిమి గట్టిపడి వినపడక జవాబివ్వని వాళ్లను మతి పూర్తిగా పోయిందని వదిలేసిన ఇళ్లు చూశాను. పళ్ల సెట్టు వదులై మాట అర్థం కాకపోతే కూడా అంతే. రెండు మూడు రోజుల్లో ఉన్నట్టుండి మనిషి తారుమారైతే, పగలంతా మగతగా ఉండి రాత్రి కేకలేస్తే, అది జబ్బు ముదిరిందని ఊరుకోకండి. మూత్రంలో ఇన్ఫెక్షన్, ఒంట్లో సోడియం తగ్గడం, నాలుగు రోజులుగా విరేచనం కాకపోవడం, కొత్తగా మొదలుపెట్టిన మాత్ర, వీటిలో ఏదైనా కావచ్చు. వెంటనే డాక్టరుకు చూపించండి.

మాత్రల గురించి ఇంకో మాట. మీ పిన్ని "మత్తు మాత్ర వేస్తే గోల ఉండదు" అన్నారన్నారు. గోల ఉండదు, మనిషీ ఉండదు. ఇలాంటి జబ్బున్న పెద్దవాళ్లకు యాంటీసైకోటిక్ అనే రకం మానసిక రోగాల మందులు వాడితే మరణం ముప్పు పెరుగుతుందని అమెరికాలో మందులను నియంత్రించే సంస్థ ఎఫ్‌డీఏ 2005లోనే హెచ్చరిక పెట్టింది. అసలు వాడకూడదని కాదు. భయంకరమైన భ్రమలు, తనకో పక్కవాళ్లకో దెబ్బ తగిలే పరిస్థితి ఉంటే డాక్టరు చూసి తక్కువ మోతాదులో, కొన్నాళ్లకే ఇస్తారు. మన సుఖం కోసం మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునేది కాదు.

మీ మేనకోడలు అమ్మమ్మ తప్పు మాటలు వీడియో తీసి ఫ్యామిలీ గ్రూపులో పెడుతుందని, అందరూ నవ్వే బొమ్మలు పెడతారని చివర్లో చిన్నగా రాశారు. చిన్న విషయం కాదు. ముప్పై ఏళ్లు ఊరి పిల్లలను నిలబెట్టి పాఠం చెప్పిన మనిషి ఆవిడ. పిల్లను తిట్టకండి. ఫోన్ ఇచ్చి, అమ్మమ్మ చెప్పే ఎక్కాలు, పద్యాలు రికార్డు చెయ్యమనండి. చాలామందికి అవి ఇంకా నోట్లో ఉంటాయి.

కేర్‌టేకర్ ఆమెను "ముసలమ్మా" అని పిలుస్తుందన్నారు కదా. రేపటి నుంచి "టీచరమ్మా" అని పిలవమనండి. ఒక తెల్లకాగితం మీద అమ్మగారి గురించి పది పన్నెండు లైన్లు రాసి గోడకు అంటించండి. ఏ పక్కకు తిరిగి పడుకుంటారు, కాఫీయా టీయా, చక్కెర ఎంత, ఉరుములంటే భయమా, ఏ దేవుడికి దణ్ణం పెడతారు, స్నానానికి మగవాళ్లు ఎదురుగా ఉండకూడదు, ఒళ్లు ఒక్కసారిగా విప్పకుండా తువ్వాలు కప్పి కొంచెం కొంచెంగా నీళ్లు పోయాలి. కేర్‌టేకర్లు మారుతుంటారు, కాగితం ఉంటుంది. ఆసుపత్రిలో చేర్చాల్సి వస్తే కూడా అది తీసుకెళ్లండి. వార్డులో మాకు కేస్ షీటులో దొరకనివి ఇవే.

ఇక మీ రాక సంగతి. 2014లో అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయం వాళ్లు అల్జీమర్స్ ఉన్న 17 మందికి ఏడుపు తెప్పించే సినిమా ముక్కలు, నవ్వించే ముక్కలు చూపించారు. కాసేపటికి ఏం చూశారంటే చాలా తక్కువే గుర్తుంది, నలుగురికి ఏమీ గుర్తులేదు, ఒకరికైతే సినిమా చూసిన సంగతే గుర్తులేదు. కానీ ఆ దుఃఖం, ఆ సంతోషం మనసులో మిగిలే ఉన్నాయి. సంగతి తక్కువ గుర్తున్నవాళ్లలోనే దుఃఖం ఎక్కువసేపు ఉంది. ఎందుకు దిగులుగా ఉందో తెలియకుండా దిగులుగా ఉన్నారన్నమాట. మీరు వెళ్లాక అమ్మగారు సాయంత్రం దాకా నెమ్మదిగా ఉంటారని కేర్‌టేకర్ చెప్పిందని మీరే రాశారు. మీ పేరు పోయింది, మీరొచ్చిన సంగతి పోయింది, మీరు పక్కన కూచుంటే వచ్చిన నెమ్మది మిగిలింది.

ఇదంతా చదివి నేనేదో ఓపికకు పుట్టినదాన్ననుకోకండి. ఒకసారి అత్త నా చేతి గాజులు తనవని, నేను దొంగిలించానని వీధిలోకి వినపడేట్టు అరిచింది. నైట్ డ్యూటీ దిగి వచ్చాను, కళ్లు మండుతున్నాయి. గాజు లాగబోతే ఆమె చేతి మీద కొట్టాను. గట్టిగానే. ఆమె చెయ్యి వెనక్కి తీసుకుని, చిన్నపిల్ల మాదిరి వీపు వెనక దాచుకుంది. రెండు నిమిషాల్లో మరిచిపోయింది కూడా. ఆ పూటంతా నేను దగ్గరికి పోతే మాత్రం ఒళ్లు ముడుచుకుంది. అయోవా వాళ్ల సంగతి తర్వాత ఎప్పుడో చదివాను గానీ, నాకు ఆ పరీక్ష ఇంట్లోనే అయిపోయింది.

అందుకే మీ అక్కయ్య గురించి కూడా ఒక మాట. రోజూ చూసుకుంటున్నది ఆమె. మీ ఉత్తరంలో ఆమె గురించి ఒక్క లైనే ఉంది. నెలకోసారి వచ్చినప్పుడు అమ్మ దగ్గర ఒక్కపూట కాదు, రెండు రోజులు ఉండి, ఆ రెండు రోజులూ అక్కయ్యను ఎక్కడికైనా పంపండి. రాత్రి లేవడం, పక్క మార్చడం మీరు చెయ్యండి. మన దేశంలో 60 దాటినవాళ్లలో వందకు ఏడుగురికి పైగా, అంటే దాదాపు 88 లక్షల మందికి డిమెన్షియా (అల్జీమర్స్ లాంటి మతిమరుపు జబ్బులన్నిటికీ కలిపి పెట్టిన పేరు) ఉందని 2023లో వచ్చిన అంచనా. వాళ్లలో ఎక్కువమందిని చూసుకుంటున్నది మీ అక్కయ్య లాంటి వాళ్లే. ఎటూ తోచనప్పుడు పెద్దవాళ్ల కోసం ఉన్న ఎల్డర్‌లైన్ 14567కు ఫోన్ చేసి మాట్లాడొచ్చని ఆమెకు చెప్పండి.

పెదనాన్నగారితో వాదన పెట్టుకోకండి. తమ్ముడి భార్యను ఆ స్థితిలో చూడలేక అన్నారేమో. ఈసారి ఆయన్ను కూడా పక్కన కూచోబెట్టుకోండి.

వచ్చే నెల వచ్చేటప్పుడు పండ్లు, స్వీట్లు వద్దు. రూళ్ల నోటు పుస్తకాలు నాలుగు, ఒక ఎర్ర పెన్ను తెండి. పుస్తకాల్లో రెండో తరగతి కూడికలు, తీసివేతలు పెద్ద పెద్ద అంకెలతో రాయండి. బల్ల మీద పెట్టి, "టీచరమ్మా, ఇవి దిద్దాలంట" అని చెప్పి, ఆమెకు ఎడంగా మీరు కూడా ఒక పుస్తకం తెరుచుకుని కూచోండి. పెన్ను మూత మీరే తీసివ్వండి, ఆ కొత్త రకం మూతలు వాళ్లకు రావు. మొదటిరోజు ముట్టుకోకపోతే బలవంతం చెయ్యకుండా అక్కడే ఉంచండి. ఇంకోటి, లెక్కల్లో మూడు నాలుగు తప్పులు కావాలని చెయ్యండి. అన్నీ ఒప్పులే ఉంటే టీచరుకు పనేముంటుంది.